సీసాలోని రుచి, ఇంటిలోని మాట

(హోసూరున జరిగిన మన సంఘ కుటుంబ సమావేశమున గావించిన ప్రసంగ పాఠము)



ఈ వేదికమీద ఇంతవరకు పాఠశాలలను గూర్చి, ఉపాధ్యాయుల ఖాళీలను గూర్చి, ప్రభుత్వమునకు పంపవలసిన వినతిపత్రములను గూర్చి మాటలాడుచు వచ్చితిమి. నేడు మేము రొయ్యలను నిప్పులమీద కాల్చు విధానమును గూర్చి మాటలాడెదమని కార్యదర్శిగారు ప్రకటించినపుడు కొందరు నవ్విరి. నవ్వవచ్చును. కాని ఈ వంటకమునకును, మన భాషకును గల సంబంధము మా ఇంటిలోనే మాకు తెలియవచ్చినది. దానిని మీతో చెప్పుకొనవలెనను కోరికతో నిలిచితిమి. మాంసాహారము ముట్టని కుటుంబములవారు ఈ సభలో పలువురున్నారు. వారికి పనికివచ్చు మాటయు తరువాత చెప్పెదము.

మేము పచారి సరకులు అమ్ముకొనువారము. పూర్వము మా అంగడిలో సోయా సాసు నడుగువారు అరుదు. నేడు అట్లు కాదు. హోసూరు చుట్టును కర్మాగారములు పెరిగినవి. బెంగుళూరు 40 కిలోమీటర్ల దూరముననే యున్నది. మన పిల్లలు అచట చదువుచున్నారు, ఉద్యోగములు చేయుచున్నారు. అచటి హోటళ్లలో చైనా, థాయిలాండు, జపాను, మలేషియా పద్ధతుల వంటకములు రుచిచూచి, ఇంటికి వచ్చి అవియే కావలెనందురు. తల్లులు మా అంగడికి వచ్చి సీసాలు కొనిపోవుచున్నారు.

ఇటీవల మనవారి ఇల్లాలొకరు రొయ్యలకు పట్టించు ముద్దసీసా నొకదానిని చేతబట్టుకొని, “అన్నా, దీంట్లో ఏమేముండాదో చదివి చెప్పన్నా” అని యడిగిరి. చదివితిమి. వెల్లుల్లి, అల్లము, మిరప, చింతపండు, చక్కెర, ఉప్పు, నూనె, సోయా, నిమ్మగడ్డి. కడపటి రెండును దక్క తక్కినవన్నియు మా అంగడిలో గోనెలలోను, డబ్బాలలోను ఉన్నవే. సీసా అమ్మిన మాకు లాభము. ఐనను ఆ తల్లితో “ఇదంతా నీ ఇంట్లోనే ఉండాదమ్మా” అని నిజము చెప్పితిమి. ఆమె సీసాను మరల బీరువాలో పెట్టి, చింతపండు కొనిపోయిరి.

ఈ తూర్పుదేశపు రుచులు తెలుగువారికి క్రొత్తవి కావు. గోదావరి ముఖద్వారమున కోరంగి యను రేవు ఒకప్పుడు నావల నిర్మాణమునకు పేరుపొందినది. 1839 నాటి తుపానుతో ఆ రేవు పాడయినను పేరు మిగిలినది. బర్మాకు పోయిన తెలుగు కూలీలను, కళాసీలను అచట ‘కోరంగీలు’ అని పిలిచిరి. మలయాకు పోయిన మనవారు రబ్బరు తోటలలోను, కొబ్బరి తోటలలోను శ్రమించిరి. జపానువారి దాడికి వెరచి 1942లో లక్షలాది భారతీయులు బర్మానుండి బయలుదేరగా, ఎందరో అడవులగుండ నడచి వచ్చిరి. 1962లో అచట సైనిక ప్రభుత్వము ఏర్పడి, 1964లో దుకాణములను జాతీయము చేసిన పిమ్మట మరల లక్షలమంది తిరిగివచ్చిరి. ఆస్తులు అచటనే పోయినవి. నాలుకమీది రుచి మాత్రము వెంట వచ్చినది. చెన్నై వీథులలో నేటికిని అమ్ముచున్న ‘అత్తో’ యను బర్మా ఫలాహారమే అందులకు సాక్ష్యము.

ఇక మన వైపు చూడుడు. మలయా ప్రాంతమున మాంసమును పుల్లకు గ్రుచ్చి కాల్చి, వేరుశనగల పచ్చడితో తినెదరు. దానిని ‘సాతే’ అందురు. చెనిక్కాయలు వేయించి, మిరపకాయలతో నూరిన మన ఊరుబిండికి అది జ్ఞాతియే కదా! చెనిక్కాయయు, మిరపకాయయు ఇరువురకును అమెరికాఖండమునుండి వచ్చినవే. వారు కొబ్బరిపాలు చేర్చిరి, మనము చేర్చలేదు. భేదమంతయు అంతే.

రొయ్య మాట చెప్పెదము. మనది సముద్రము లేని మెట్టప్రాంతము. మంచుగడ్డలలో పెట్టి లారీలలో వచ్చునదియే మనకు గతి. దేశమున రొయ్యలు పెంచు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ మొదటిది. 1990 దశకమున తెల్లమచ్చ తెగులు తగిలి టైగర్ రొయ్యల చెరువులు నష్టపోయినవి. 2009లో వన్నామీ రకమునకు అనుమతి లభించినపిమ్మట సాగు మరల విస్తరించినది. పండించినదానిలో అధికభాగము విదేశములకే పోవును. అందుచేతనే 2025 ఆగస్టున అమెరికా మన సరకులపై సుంకమును 50 శాతమునకు పెంచినపుడు గోదావరి జిల్లాల రైతులు, నెల్లూరు రైతులు తల్లడిల్లిరి. తన ఊరిలో కొనువాడు లేని సరుకు పరాయివాని దయకు లోబడియుండునని వ్యాపారులమైన మాకు తెలియును. భాషకును అదియే గతి యని ఇప్పుడు తోచుచున్నది.

మా ఇంట జరిగినది చెప్పెదము. ఒక ఆదివారము ఉదయమున అర కిలో రొయ్యలు తెచ్చితిమి. మా తల్లిగారు మనుమరాలిని “రొయ్యలు ఒలిచేదానికి రామ్మా” అని పిలిచిరి. మా కుమార్తె “రొయ్యలంటే ఏమవ్వా?” అని యడిగినది. ఆమెకు ప్రాన్ తెలియును, తమిళపు ఎరా తెలియును, రొయ్య తెలియదు. మా తల్లిగారు ఏమియు ననలేదు. తామే పీటమీద కూర్చుండి అన్నియు ఒలిచిరి. ఆ మౌనము మమ్ము నేటికిని బాధించుచున్నది.

మేమో, ఫోనులో ఒక విధానము చూచి, 9 గంటలకే నిమ్మరసము పిండి రొయ్యలకు పట్టించితిమి. మా తల్లిగారు వంటింటినుండి “పులుపు అప్పుడే పెట్టొద్దురా, బిర్రుగా అయిపోతాయి” అని ఒక్కమారు చెప్పిరి. మేము వినలేదు. మధ్యాహ్నము 1 గంటకు చూడగా రొయ్యలు నిప్పు తగులకమునుపే తెల్లబడియున్నవి. కాల్చినపిమ్మట రబ్బరువలె సాగినవి. పులుపు కూడ నిప్పువలెనే మాంసకృత్తులను గట్టిపరచునని పిదప చదివి తెలిసికొంటిమి. ఆ సంగతి మా తల్లిగారికి చదువకయే తెలియును. చిన్ననాడు ఏటి రొయ్యలు వండి నేర్చినారు. చెప్పు నోరు ఇంటిలోనే యున్నది. అందుకొను చెవి లేకపోయినది.

మరుసటి ఆదివారము మా తల్లిగారు చెప్పగా, మా కుమార్తె చేయగా, మేము విసనకఱ్ఱ పట్టితిమి. ఆ విధానమిది.

అర కిలో పెద్ద రొయ్యలు నలుగురికి చాలును. మంచులో గట్టిపడినవైన ముందురాత్రి ఫ్రిజ్జులో క్రింది అరలోనుంచి కరగనీయవలెను, ఎండలో పెట్టరాదు. తలయు, పెంకును తీసి, తోక నుంచి, వీపున చీల్చి నల్లని నరమును లాగివేయవలెను. కడిగి, గుడ్డతో తడి యొత్తవలెను. తడియున్న రొయ్య కాలదు, ఉడుకును.

వెల్లుల్లి రెబ్బలు 6, అంగుళము అల్లము, పచ్చిమిరపకాయలు 3, గుప్పెడు కొత్తిమీర కాడలు, నిమ్మగడ్డి కాడలో మొదటి తెల్లని భాగము చేర్చి రోటిలో మెత్తగా నూరవలెను. నిమ్మగడ్డి దొరకనిచో నిమ్మపండు పైతొక్క కొంచెము తురిమిన చాలును. ఇందులో ఒక చెంచా బెల్లము, పెద్ద చెంచాడు సోయా సాసు, పెద్ద చెంచాడు నువ్వులనూనె కలుపవలెను. తూర్పుదేశములవారు చేపలు ఊరవేసిన రసమును వాడుదురు. దానికి బదులు అర చెంచా వేయించిన ఎండురొయ్యల పొడి వేసికొనవచ్చును. సోయాలోనే ఉప్పు కలదు గనుక వేరుగ ఉప్పు వేయుటకు తొందరపడరాదు. ఈ ముద్దను రొయ్యలకు పట్టించి, మూతపెట్టి ఫ్రిజ్జులో అరగంట యుంచవలెను. పులుపు మాత్రము ఇప్పుడు వద్దు.

ఆ అరగంటయు వెదురుపుల్లలను నీటిలో నాననీయవలెను. లేనిచో అవియే ముందు కాలును. కుంపటిలో బొగ్గులు రాజుకొని, మంట తగ్గి, పైన తెల్లని బూడిద పట్టిన తరువాతనే పుల్లలకు గ్రుచ్చిన రొయ్యలను జాలీమీద నుంచవలెను. మంటలో పెట్టిన బెల్లము మాడి చేదగును. ఒక్కొక్క ప్రక్క రెండు మూడు నిమిషములు చాలును. బూడిదవన్నె పోయి ఎఱ్ఱబడును. వేడికి మాంసకృత్తుల కట్టు విడి, లోపల దాగియున్న ఎఱ్ఱరంగు బయటపడుటయే అందులకు కారణము. మా తల్లిగారు చెప్పిన గురుతు ఇది: రొయ్య నెలవంకవలె వంగిన పక్వమైనట్లు, సున్నవలె ముడుచుకొనిన మితిమీరినట్లు. దింపుటకు ఒక నిమిషము ముందు చింతపండు గుజ్జుగాని, నిమ్మరసముగాని పూయవలెను. కుంపటి లేనివారు ఇనుప దోసెపెనమును బాగుగ కాచి, పుల్లలు లేకుండ పరచి కాల్చుకొనవచ్చును.

ప్రక్కన ఊరుబిండిలో నాలుగు చెంచాల కొబ్బరిపాలు కలిపి పెట్టుడు. మామిడికాయల కాలమున మన కృష్ణగిరి వైపు పండు తోతాపురి కాయను పచ్చిగా తురిమి, ఉల్లిపాయ, మిరప, బెల్లము కలిపిన ఆ వంటకమునకు తగిన తోడు.

శాకాహారులు ఇదే ముద్దను, ఎండురొయ్యల పొడి మాని, పుట్టగొడుగులకుగాని, వంకాయ ముక్కలకుగాని, పనీరుకుగాని పట్టించి కాల్చవచ్చును. రెండు హెచ్చరికలు చేసెదము. రొయ్యలు కొందరి ఒంటికి పడవు. దద్దురులుగాని, ఆయాసముగాని వచ్చినవారు మరల ముట్టరాదు. బొగ్గుల కుంపటిని తలుపులు మూసిన గదిలో వెలిగింపరాదు. అందుండి వెలువడు కార్బన్ మోనాక్సైడ్ వాసనలేని విషవాయువు. పెరటిలోనో, మిద్దెమీదనో వెలిగింపుడు.

సోదరులారా! 1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినపుడు మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతములు మద్రాసు రాష్ట్రముననే నిలిచినవి. 2006 నాటి చట్టముతో పాఠశాలలలో తమిళము క్రమముగ నిర్బంధ పాఠ్యమైనది. తమిళము మనకు అన్నము పెట్టు భాష. దానిని మన పిల్లలు బాగుగ నేర్వవలసినదే. తెలుగు పాఠముకొరకు మన సంఘము అడుగుచునే యుండును. కాని వంటింటిలో తెలుగు మాటలాడుటకు ఏ చట్టమును అడ్డురాదు, ఏ ఉత్తరువును అక్కరలేదు. అచట మనము ఊరకున్నచో తప్పు మనదే.

ఆ రెండవ ఆదివారమున మా కుమార్తె ఒక కాగితముమీద ఒలుచు, నూరు, పట్టించు, గ్రుచ్చు, కుంపటి, నెలవంక అని మాటలన్నియు వ్రాసికొన్నది. చూడగా అవి తెలుగు మాటలు, తమిళ అక్షరములు! మా తల్లిగారు ఆ కాగితమును చేతిలోనికి తీసికొని, చదువలేక తిరిగి యిచ్చిరి. ఆ రాత్రి మేము ప్రక్కన కూర్చుండి అక్షరములు దిద్దించితిమి. నాలుగు ఆదివారములకు ఆ కాగితము తెలుగున తయారైనది. ‘రొయ్య’లోని యవత్తు ఇంకను వంకరగనే యున్నది. మా తల్లిగారు దానిని అద్దములు పెట్టుకొని చదివి, “ఉప్పు సంగతి రాయలేదే” అనిరి. ఇప్పుడది మా వంటింటి గోడమీద నున్నది.

మా విన్నప మొక్కటియే. వచ్చు సమావేశమునకు ప్రతి కుటుంబమునుండి ఒక్క వంటకము, అది రొయ్యయైనను రాగిసంకటియైనను సరియే, అవ్వ చెప్పగా పిల్ల వ్రాసిన కాగితముగ రావలెను. తప్పులున్నను దిద్దకుడు. మన వారపత్రికలో వారమున కొకటి చొప్పున ప్రకటింప కార్యదర్శిగారు సమ్మతించినారు. అవ్వలు మన యిండ్లలో ఉన్నపుడే ఈ పని జరుగవలెను.