టెంట్ కారుతోందా? కొత్తది కొనేముందు ఇది చూడండి

ఈ ఎపిసోడ్ కొయ్యూరు నుంచి. 1924 మే 7న అల్లూరి సీతారామరాజుని కాల్చి చంపింది ఈ కొయ్యూరులోనే. ఇప్పుడు ఈ కొండల్లోకి టెంట్ వేసుకుని వచ్చేవాళ్లు బాగా పెరిగారు. లంబసింగి, వంజంగి వీడియోలు మీరూ చూసే ఉంటారు. చలికాలంలో ఏ టెంట్ అయినా నడిచిపోతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అలా కాదు. అర్ధరాత్రి బట్టలు, స్లీపింగ్ బ్యాగ్ తడిస్తే ఒంట్లో వేడి పోతుంది. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. అందుకే ఈ టాపిక్.

ముందు ఒక విషయం. టెంట్ గుడ్డ దానంతటదే నీళ్లని ఆపదు. చాలా టెంట్లకి లోపలివైపు పాలీయురేథేన్ అనే పల్చటి పూత ఉంటుంది. నీళ్లని ఆపేది అదే. తడి, వేడి కలిసి ఎక్కువ రోజులు ఉంటే ఆ పూత రసాయనికంగా విడిపోతుంది. అంటే తడి టెంట్‌ని మడిచి సంచిలో పెట్టి అటక మీద పడేస్తే, అక్కడే పాడవుతుంది. వానలో బయటపడుతుంది, అంతే.

చెక్ చేయడం ఈజీ. పైకప్పు గుడ్డ లోపలివైపు చేత్తో రుద్దండి. జిగటగా ఉందా? పొట్టులా రాలుతోందా? ముక్క వాసన వస్తోందా? అయితే పూత పోతున్నట్టే. తర్వాత కుట్లు చూడండి. సూది దిగిన ప్రతిచోటా ఒక రంధ్రం ఉంటుంది. దాన్ని మూసే టేప్ ఊడితే నీళ్లు అక్కడినుంచే వస్తాయి.

టేపే ఊడితే దాన్ని తీసేసి, కుట్టు శుభ్రం చేసి, సీమ్ సీలర్ రాసి ఒకరోజు ఆరనివ్వండి. ఇక్కడ జాగ్రత్త: సిలికాన్ పూత ఉన్న గుడ్డకి సిలికాన్ సీలరే అంటుకుంటుంది. పాలీయురేథేన్‌కి దానిదే వాడాలి. కొనేముందు టెంట్ లేబుల్ చదవండి. పూత మొత్తం రాలిపోతుంటే మాత్రం ఆ టెంట్‌ని వానకి నమ్మకండి.

ఉతకాల్సి వస్తే గోరువెచ్చని నీళ్లు, మెత్తటి స్పాంజ్, తక్కువ ఘాటున్న సబ్బు చాలు. వాషింగ్ మెషీన్, డిటర్జెంట్ పౌడర్ వద్దు. నీడలో ఆరేయండి, రోజంతా ఎండలో వదిలితే గుడ్డ బలం తగ్గుతుంది.

ఇక టెంట్ వేసేటప్పుడు. పూరింటి కప్పు చూశారా? ఏటవాలుగా ఉంటుంది కాబట్టే నీళ్లు జారిపోతాయి. టెంట్ కూడా అంతే, బిగుతుగా లాగి కట్టాలి. నైలాన్ తడిస్తే సాగుతుంది, కాబట్టి పడుకునేముందు తాళ్లు మళ్లీ బిగించండి. కింద వేసే పట్టా టెంట్ అంచు దాటి బయటికి రాకూడదు. వస్తే వాననీళ్లు దానిమీద పడి నేరుగా మీ కిందికే చేరతాయి. వాగు పక్కన మాత్రం అస్సలు వేయొద్దు. పైన కొండమీద వాన పడితే, మీ దగ్గర చినుకు లేకపోయినా వాగు పొంగుతుంది.

పొద్దున్నే లోపల నీటిచుక్కలు కనిపిస్తే కంగారుపడకండి. అది మీ ఊపిరిలోని తేమ కావచ్చు. గాలి కిటికీలు వానలో కూడా కొంచెం తెరిచే ఉంచండి.

ట్రిప్ నుంచి ఇంటికి రాగానే ఫోటోలు అప్‌లోడ్ చేసేముందు టెంట్ విప్పి ఆరేయండి. పైసా ఖర్చులేని మెయింటెనెన్స్ అదే. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!