మిగిలిపోయిన సెలవులు



"ఇచ్చిన సెలవులే వాడుకోరు, ఇంకా హక్కులంటారు" అని యాజమాన్యాలు మనల్ని ఎగతాళి చేస్తుంటాయి. ఏడాది చివర లెక్క చూస్తే చాలామంది కార్మికులకు సెలవులు మిగిలే ఉంటాయి, నిజమే. అవి ఎందుకు మిగులుతున్నాయో మనం అడగాలి.

ప్రభుత్వోద్యోగి దాచుకున్న ఆర్జిత సెలవులను పదవీ విరమణనాడు 300 రోజుల దాకా డబ్బుగా మార్చుకోవచ్చు. ఆ సెలవు ఆమెకు పొదుపు. బట్టల ఫ్యాక్టరీలో మిషను కుట్టే స్త్రీ సంగతి వేరు. ఒక్కరు రాకపోయినా లైను టార్గెట్ పడిపోతుందని సూపర్‌వైజరు కసురుతాడు. నాగా పెడితే హాజరు బోనసు పోతుంది. పిల్లవాడికి జ్వరమొస్తేనో, అత్తగారు మంచాన పడితేనో అక్కరకొస్తాయని ఉన్న నాలుగు రోజులూ దాచిపెడుతుంది. తన నడుంనొప్పికి మాత్రం సెలవు పెట్టదు.

పెట్టినా విశ్రాంతి ఎక్కడ? 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు దానికి రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తే పురుషులు 97 నిమిషాలే వెచ్చించారు. "ఇంట్లో ఉంటే ఇంకా చాకిరీ, పనికి పోవడమే నయం" అని ఎందరో స్త్రీలు నాతో అన్నారు. దీన్ని పనిమీది మక్కువ అనుకునేవారికి పితృస్వామ్యం కనబడటం లేదన్నమాట.

ఇక చట్టం సంగతి. 1948 ఫ్యాక్టరీల చట్టం కింద ఏడాదిలో కనీసం 240 రోజులు పనిచేసినవారికి, ప్రతి 20 రోజులకు ఒకటి చొప్పున జీతంతో సెలవు వచ్చేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ 240ని 180కి తగ్గించింది. వాడని సెలవును 30 రోజుల వరకు మరుసటి ఏడాదికి కలుపుకోవచ్చు. అడిగినా ఇవ్వని సెలవుకైతే ఆ పరిమితి కూడా లేదు.

ఈ చివరి నియమం పాత చట్టంలోనూ ఉంది. కానీ నోటితో అడిగి, తిట్లు తిని వెనక్కి వచ్చిన దానికి సాక్ష్యమేముంది? అందుకే సెలవు రాతపూర్వకంగా అడగాలి, నకలు దగ్గర ఉంచుకోవాలి. ఒంటరిగా అడిగిన మనిషి మీద కక్ష కడతారు కనుక లైనులోని స్త్రీలంతా వంతులు వేసుకుని అడగాలి. హక్కుగా వచ్చిన సెలవుకు హాజరు బోనసు కోయకూడదన్నది మన సంఘాల డిమాండు పత్రంలో చేరాలి.

ఆ ఒక్కరోజు వంట ఎవరు చేస్తారన్న చర్చ కూడా సంఘంలోనే జరగాలి. అది ఇంటి విషయమని వదిలేస్తే, సాధించుకున్న సెలవు కూడా పొయ్యి దగ్గరే ఖర్చవుతుంది.