నైజీరియా, మైసూరు: ఒక క్రూజర్, దాని వీడియో గేమ్ రూపం

హిందూపురంలో యుద్ధనౌక మీద ఉపన్యాసమేమిటని ఎవరైనా అడగవచ్చు. సముద్రం చూడాలంటే ఇక్కడివాళ్లు రైలెక్కాల్సిందే. అయినా ఐఎన్ఎస్ మైసూరు అనే క్రూజర్ చిహ్నంలోని పక్షికి ఈ సీమతో పాత చుట్టరికం ఉంది. రెండు తలల గండభేరుండాన్ని మైసూరు ఒడయార్ల గుర్తుగానే చాలామంది ఎరుగుదురు. అంతకు ముందే విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల బంగారు నాణేల మీద అది ముక్కులతో, గోళ్లతో ఏనుగులను పట్టి ఎత్తుతూ కనిపిస్తుంది. ఆ రాయల కాలంలోనే పెనుకొండ అధికారి విరూపణ్ణ లేపాక్షి గుడి కట్టించాడు.

ఆ నౌక ఇవాళ కంప్యూటర్ తెర మీద బతుకుతోంది. 2015లో విడుదలైన ‘వరల్డ్ ఆఫ్ వార్‌షిప్స్’ అనే ఆటలో మైసూరు ఆరో శ్రేణి (టయర్) క్రూజర్, కామన్వెల్త్ జట్టుది. మూడు టరెట్లలో తొమ్మిది ఆరంగుళాల ఫిరంగులు. ధర్మవరంలో ఇంటర్ చదివే కుర్రాడు మౌస్ కదిపితే చాలు, అవి గర్జిస్తాయి. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవులో చమురు ట్యాంకులను తగలబెట్టి, నగరాన్ని హడలెత్తించిన జర్మన్ లైట్ క్రూజర్ ఎమ్డెన్ కూడా అదే ఆటలో ఉంది.

కొలతల్లో ఆట తయారీదారుల శ్రద్ధను మెచ్చుకోవాల్సిందే. కానీ తెర మీద కనిపించే పేరు ఈ నౌక రెండో జీవితానిది. రెండో ప్రపంచ యుద్ధంలో అది పోరాడింది మొదటి పేరుతో.

మొదటి పేరు హెచ్ఎంఎస్ నైజీరియా. 1939 జులైలో ఇంగ్లండులోని టైన్ నది ఒడ్డున జలప్రవేశం చేసింది. అప్పుడు ఫిరంగులు పన్నెండు. భారత్ చేతికి వచ్చేసరికి తొమ్మిదే మిగిలాయి. 1941 జూన్ 28న మూడు డిస్ట్రాయర్లను వెంటబెట్టుకుని ఉత్తర సముద్రాల్లో లావెన్‌బర్గ్ అనే జర్మన్ వాతావరణ నౌకను పట్టుకుంది. కావలసింది దాన్ని ముంచడం కాదు. సిబ్బందిని బెదరగొట్టి, ఓడెక్కి, జర్మన్ల ఎనిగ్మా సంకేత యంత్రపు పత్రాలను చేజిక్కించుకోవాలి. ముంచడమే ముఖ్యమైన ఆటలో ఇలాంటి విజయానికి చోటెక్కడ?

1942 ఆగస్టు 12 నాటి దెబ్బ ఇంకా పెద్దది. ఆకలితో అలమటిస్తున్న మాల్టా దీవికి సరుకులు చేర్చే పెడెస్టల్ కాన్వాయ్‌లో నైజీరియా రియర్ అడ్మిరల్ బరో పతాక నౌక. ఇటలీ జలాంతర్గామి ఆక్సుమ్ ఒక్క విడతలో వదిలిన టార్పెడోలు మూడు ఓడలకు తగిలాయి: నైజీరియా, మరో క్రూజర్ కైరో, చమురు ఓడ ఒహాయో. కైరో మునిగింది. నైజీరియాలో 52 మంది చనిపోయారు. బరో ఒక డిస్ట్రాయర్‌కు మారాడు, నైజీరియా కుంటుతూ జిబ్రాల్టర్ చేరింది. అసలు నష్టం మరొకటుంది. ఆ కాన్వాయ్‌లో యుద్ధ విమానాలకు దారి చూపే పరికరాలున్నవి ఈ రెండు క్రూజర్లే. అవి తప్పుకోవడంతో మాల్టా నుంచి వచ్చిన విమానాలకు ఎటు వెళ్లాలో చెప్పేవారు లేకపోయారు. ఆటలో టార్పెడో తగిలితే హిట్ పాయింట్లు తగ్గుతాయి, ఒక మీట నొక్కితే నీరు ఆగుతుంది. నైజీరియా మాత్రం మరమ్మతు కోసం అమెరికా దాకా వెళ్లింది. 1944లో తూర్పు నౌకాదళంలో చేరి సుమత్రా కొసనున్న సబాంగ్ మీద దాడుల్లో పాల్గొంది.

1954లో భారత్ ఈ నౌకను కొంది. బర్కెన్‌హెడ్‌లో మళ్లీ తీర్చిదిద్దాక 1957 ఆగస్టు 29న మైసూరుగా నౌకాదళంలో చేరింది. ఇక్కడి నుంచి కథ నెమ్మదిస్తుంది; నెలల తరబడి విన్యాసాలు, మర్యాద పర్యటనలు. ఆట చూపే భీకర క్రూజర్ పోరు ఈ పేరుతో ఒక్కటీ జరగలేదు. 1961 డిసెంబరులో గోవా విమోచన సమయాన ఫ్రిగేట్ త్రిశూల్‌తో కలిసి అంజదీవ్ దీవికి వెళ్లింది. తెల్లజెండా కనిపించాక ఒడ్డుకు దిగిన దళంపై కాల్పులు మొదలయ్యాయి, ఏడుగురు నావికులు ప్రాణాలు కోల్పోయారు. చిన్న దీవి, చిన్న పోరాటం. మైసూరు ఫిరంగులు నిజంగా అవసరమైన సందర్భం అదే.

1971 యుద్ధం అనగానే తెలుగువాళ్లకు విశాఖ, ‘ఘాజీ’ సినిమా గుర్తొస్తాయి. పడమటి తీరాన రియర్ అడ్మిరల్ కురువిల్లా పతాకం మైసూరు మీద ఎగిరింది. అయితే డిసెంబరు 4 రాత్రి కరాచీ దగ్గర పాకిస్తాన్ డిస్ట్రాయర్ ఖైబర్‌ను ముంచినవి దాని ఫిరంగులు కావు, చిన్న మిసైల్ బోట్లు. ఒక బోటు బరువు పతాక నౌకతో పోలిస్తే లెక్కలోకే రాదు. లైట్ క్రూజర్లకు కాలం చెల్లిందని ఆ రాత్రి తేలిపోయింది. ఆటలో ఆ మిసైల్ బోట్లు లేవు, అందుకే తెర మీది మైసూరు ఇంకా ఫిరంగుల కాలంలోనే ఉంది.

అసలు మైసూరు 1985 ఆగస్టులో సేవ ముగించింది. 1999 జూన్‌లో ముంబయి మజగావ్ డాక్‌లో కట్టిన డిస్ట్రాయర్ ఆ పేరుతో సేవలో చేరింది; ఈసారి క్షిపణులతో.