కూరలంటే గిట్టని వాడి భోజనం

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, "అయ్యా, నేను డాక్టరును కాను, ఖజానా శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరి సీనియర్ అసిస్టెంటుగా దిగినవాణ్ణి" అని మనవి చేసుకున్నాను. "డాక్టర్లు ఏటా వచ్చి చెబుతూనే ఉన్నారు. ఆకుకూరలు తినండి అంటారు, చప్పట్లు కొడతాం, వెళ్ళిపోతాం. కూరలు గిట్టని వాడివి నువ్వు ఎలా తగ్గావో చెప్పు" అన్నారు. అందుకని సాహసించి నిలబడ్డాను.

నాకిప్పుడు 74 ఏళ్ళు. 70 నిండగానే అదనపు పెన్షన్ వచ్చింది గాని, అదనపు బరువు అంతకు చాలా ముందే మంజూరయింది. నా ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. 2023 జనవరిలో నా బరువు 86 కిలోలు. బి.ఎం.ఐ. అని ఒక లెక్క ఉంది. కిలోల బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. మన దేశస్థులకు అది 23 దాటితే అధిక బరువనీ, 25 దాటితే స్థూలకాయమనీ అంటారు. నాది 31 దాటింది. లెక్కలు వద్దనుకునే వారు టేపు తీసుకుని నడుము కొలుచుకుంటే చాలు. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదు. పంచె కట్టుకునే వాళ్ళకు ఈ సంగతి తొందరగా తెలియదు. ప్యాంటు అయితే బొత్తం చెబుతుంది.

కూరలంటే నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ గిట్టదు. బెండకాయ జిగురు, కాకరకాయ చేదు, పొట్లకాయ వాసన, ఆనపకాయ నీళ్ళు. ముద్దపప్పు, ఆవకాయ, బంగాళదుంప వేపుడు, గడ్డపెరుగు ఉంటే విస్తరి నిండినట్టే. వంకాయ సైతం తినని వాడు తెలుగువాడేనా అని మా మామగారు పెళ్ళిలోనే అన్నారు. పోనివ్వండి.

బరువు సంగతి నేను ఎందుకు పట్టించుకున్నానో చెబుతాను. మేమిద్దరమే ఉంటాం. పిల్లలు దూరాన ఉన్నారు. మా వాటా రెండో అంతస్తులో, లిఫ్టు లేదు. 2023 సంక్రాంతి వెళ్ళిన వారానికి, నీళ్ళగది గడప దగ్గర మోకాలు పట్టేసి కూలబడ్డాను. దెబ్బ ఏమీ తగల్లేదు. కాని లేవలేకపోయాను. మా ఆవిడ బరువు 47 కిలోలు. నన్ను లేపవలసింది ఆవిడే. రెండు చేతులూ నా చంకల కింద పెట్టి లాగింది, కుర్చీ తెచ్చి పెట్టింది, లాభం లేకపోయింది. కింది వాటా అబ్బాయి ఆఫీసు నుంచి వచ్చేదాకా ఇద్దరం నేల మీద కూర్చుని ఉన్నాం. ఆవిడ ఏమీ అనలేదు. తువ్వాలు మడిచి నా వీపు వెనక పెట్టింది.

మోకాళ్ళ డాక్టరు గారు ఒక మాట చెప్పారు. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే, నడిచేటప్పుడు ప్రతి అడుగుకూ మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుందట. పది కిలోలు తగ్గితే నలభై. ఈ వడ్డీ ఏ బ్యాంకూ ఇవ్వదు. షుగరు డాక్టరు గారు "అయిదు కిలోలు తగ్గినా నాకు చాలు" అన్నారు. ఇద్దరూ చివర్లో "కూరలు బాగా తినండి" అన్నారు.

అప్పుడు నేను నాకు తెలిసిన పని చేశాను. రూళ్ళ పుస్తకం తీసి, నెల రోజులు ఇంట్లోకి వచ్చిన సరుకూ, కంచంలోకి వచ్చిన తిండీ రాశాను. తేలిందేమిటంటే, ఇద్దరు మనుషులకు నెలకు 3 లీటర్ల నూనె. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. లెక్క వేస్తే మనిషికి రోజుకు 45 గ్రాములు. మన హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ, వారు 2024లో ఆహార మార్గదర్శకాలు కొత్తగా ప్రకటించారు. రోజుకు 2000 కాలరీల భోజనంలో నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములన్నారు. మా నేతిగిన్నె నేను ఇంకా లెక్కలోకి తేలేదని గమనించగలరు.

నూనె గ్రాముకు 9 కాలరీలు, బియ్యంలో ఉండే పిండిపదార్థం గ్రాముకు 4. నెలకు ఒక్క లీటరు నూనె తగ్గిస్తే మనిషికి సుమారు 4000 కాలరీలు తగ్గుతాయి. కిలో కొవ్వు కరగడానికి 7700 కాలరీలు అంటారు. అంటే వేరే ఏమీ చేయకుండానే నెలకు అరకిలో. ఇది కాగితం మీది లెక్క, ఒళ్ళు అంత బుద్ధిగా నడుచుకోదు, పోను పోను మొరాయిస్తుంది. అయినా మొదటి నాలుగు నెలలూ నాకు దాదాపు అలాగే నడిచింది. నూనె సీసా వంచడం మాని చెంచాతో పోయడం, సాయంత్రం బజ్జీల బండి దగ్గర ఆగకుండా ఎదుటి వైపు నుంచి నడవడం, ఈ రెండే చేశాను.

అన్నం సంగతి. పూటకు 150 గ్రాముల బియ్యం నా వాటా. రెండు పూటలా 300 గ్రాములు, అంటే వెయ్యి కాలరీల పైన, టిఫిను కాక. మధ్యాహ్నం 90 గ్రాములకు తగ్గించి, రాత్రి రెండు పుల్కాలకు మారాను. ఇక్కడ చాలామంది చిరుధాన్యాలు తింటున్నాం, ఇక భయం లేదంటారు. తినండి, మంచివే, పీచు ఎక్కువ. కాని కొర్రలైనా, రాగులైనా, జొన్నలైనా 100 గ్రాములకు 320 నుంచి 350 కాలరీల దాకా ఉంటాయి, బియ్యానికి కాస్త అటూ ఇటూగా. కొర్రన్నం కదా అని రెండు మారులు వడ్డించుకుంటే ఫైలు మళ్ళీ మొదటికే వస్తుంది.

ఇంతవరకూ కూర ఊసు లేదు, చూశారా. కూరలు గిట్టని వాళ్ళకు నేను ముందు చెప్పేది ఇదే. బరువు దిగేది నూనె, అన్నం, సాయంత్రపు చిరుతిళ్ళు తగ్గితే. కూర పని వేరు. అన్నం తగ్గినప్పుడు కడుపు ఖాళీగా ఉండకుండా చూడడం, మలబద్ధం రాకుండా చూడడం, విటమిన్లు, పీచు ఇవ్వడం. మూడో వారానికి ఆకలికి ఓర్చుకోలేక మళ్ళీ అన్నం మీద పడేవాళ్ళంతా కూర లేకుండా అన్నం తగ్గించినవాళ్ళే. కాబట్టి కూర తప్పదు. ఏ రూపంలో అన్నదే ప్రశ్న.

దీనికి మా ఆవిడే దారి చూపింది. "మీకు కూర గిట్టదా, కూరగాయ గిట్టదా?" అని అడిగింది. ఆ తేడా నాకు ఎప్పుడూ తోచలేదు. రెండు నిలువు గీతలు గీసి, ఏది ఎందుకు గిట్టదో ఎదురుగా రాశాం. జిగురు గిట్టదు. నీరు కారడం గిట్టదు. వాసన గిట్టదు. చేదు గిట్టదు. పులుపు, కారం, కరకర మాత్రం ఇష్టం. అంతే, మందు అందులోనే ఉంది. బెండకాయలు తడి లేకుండా తుడిచి తరిగి, మూత పెట్టకుండా చెంచాడు నూనెలో మగ్గించి, చింతపండు పులుసులో వేస్తే జిగురు తగ్గుతుంది. క్యాబేజీ ఎక్కువసేపు ఉడికిన కొద్దీ వాసన వేస్తుంది. సన్నగా తరిగి పెసరపప్పుతో అయిదారు నిమిషాల్లో దించితే ఆ బాధ ఉండదు. ఆనపకాయను కోరి పెరుగుపచ్చడి చేసి ఆవపొడి తగిలిస్తే, అది ఆనపకాయని నాకు వారం దాకా తెలియలేదు. బీరకాయ కూర నేను ఇప్పటికీ ముట్టను. బీరతొక్కు పచ్చడి మాత్రం రోజూ పెట్టినా తింటాను. తొక్కలో పీచు ఉంది, పారేసేదీ లేదు.

మన వంటింట్లో ఈ ఏర్పాటు ఎప్పుడో జరిగిపోయింది. గోంగూర పప్పు, దోసకాయ పప్పు, తోటకూర పులుసు, ములక్కాడల దప్పళం, మజ్జిగ పులుసు, టమాటా పచ్చడి, మునగాకు పొడి. వీటిలో ఒక్కదాన్నీ కూర అని పిలవం, కాని లోపల ఉన్నది కూరగాయే. పప్పులో ఆకుకూర గుప్పెడు వేసే చోట మూడు గుప్పెళ్ళు వేస్తే ఎవరికీ కోపం రాదు. పెసరట్టు మీద ఉల్లిపాయతో పాటు కేరట్ కోరు, కొత్తిమీర చల్లితే టిఫినులోనే సగం బాకీ తీరుతుంది. పోషకాహార సంస్థ వారు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు అన్నారు. బంగాళదుంప ఆ 400లోకి రాదు, దాన్ని పిండిపదార్థం కింద చూడాలి. ఆవకాయ కూడా మామిడికాయే కదా అని వాదించే మిత్రులు ఈ సభలో ఉన్నారు, నాకు తెలుసు. అందులో ఉప్పూ నూనే ఎక్కువ. రోజుకు ఉప్పు మొత్తం 5 గ్రాములకు మించకూడదన్న సంగతి మాత్రం మనవి చేస్తాను. మా ఇంటికి ఇదివరకు వారానికి రెండున్నర కిలోల కూరగాయలు వచ్చేవి. ఇప్పుడు నాలుగున్నర. 400 గ్రాముల లెక్కన ఇంకా కిలో పైన లోటుంది. అలాగే నడుస్తోంది.

ఇంకొకటి. అన్నం కలిపే ముందే ఒక గిన్నెడు పెరుగుపచ్చడో, దోసకాయ ముక్కలో, పప్పో తినేస్తాను. కూర, పప్పు ముందు తిని అన్నం తరువాత తింటే భోజనం తరువాతి చక్కెర తక్కువగా పెరుగుతుందని పరిశోధనల్లో చూశారు. పెళ్ళిళ్ళలో ఇది కొంచెం కష్టం, వడ్డించేవాళ్ళు వింతగా చూస్తారు.

చేదు గురించి ఒక విశేషం. 1931లో అమెరికాలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో ఒక పొడి గాలిలోకి లేచింది. పక్కనున్నాయన "అబ్బ, చేదు" అన్నాడు. ఫాక్స్ గారికి ఏ రుచీ తెలియలేదు. కొందరి నాలుక కొన్ని చేదులను పట్టుకుంటుంది, కొందరిది పట్టుకోదు, అది పుట్టుకతో వచ్చేదని తరువాత తేలింది. కాబట్టి ఇంట్లో ఎవరైనా కాకరకాయ తిననంటే పెంకితనమని తిట్టవద్దు. నేను ఇప్పటికీ తినను. దానికి బదులు వేరేవి వంద ఉన్నాయి.

కొన్ని జాగ్రత్తలు గట్టిగా చెప్పాలి. షుగరు మాత్రలో, ఇన్సులినో వాడేవారు డాక్టరుకు చెప్పకుండా అన్నం ఒక్కసారిగా తగ్గించకూడదు. చక్కెర పడిపోయి కళ్ళు తిరిగితే మోకాలు కాదు, తుంటి విరుగుతుంది. గుండెకు వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందు వాడేవారు ఆకుకూరలు ఒక్కసారి పెంచడం, ఒక్కసారి మానడం చేయరాదు, మందు మోతాదు తారుమారవుతుంది. మూత్రపిండాల జబ్బున్నవారికి పప్పు, పండు, కూర అన్నిటికీ వేరే లెక్క, డాక్టరు చెప్పిందే వేదం. పార్కు గేటు దగ్గర గ్లాసుల్లో సొరకాయ రసం అమ్ముతుంటారు. చేదుగా ఉంటే ఉమ్మేయండి. చేదు సొరకాయ రసం తాగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవారు మన దేశంలో ఉన్నారు. ఇక డబ్బాల పొడులు. మా మిత్రుడొకాయన నెల పెన్షనులో మంచి భాగం పెట్టి బరువు తగ్గే పొడి కొన్నాడు. డబ్బా అయ్యేదాకా తగ్గాడు, డబ్బా అయ్యాక పెరిగాడు. డబ్బాలో ఇప్పుడు కందిపప్పు పోసుకుంటున్నారు.

మన వయసులో బరువు తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. కండ పోతే మళ్ళీ కూలబడడమే. అందుకని నెలకు అరకిలో, ముప్పావుకిలో చాలు, తొందర వద్దు. పప్పు, పెరుగు, తినేవారికి గుడ్డు, చేప తగ్గించకూడదు. దానితో పాటు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం ఉదయం పది, సాయంత్రం పది చేయండి. మొదట్లో నేను మూడు చేయగలిగాను. గోడ పక్కన కుర్చీ వేసుకోండి, మనిషిని దగ్గర ఉంచుకోండి.

ఇప్పుడు నా బరువు 78. రెండేళ్ళు పట్టింది. మధ్యలో ఒక ఏడాది కార్తీక మాసం వనభోజనాల్లో కిలోన్నర తిరిగి వచ్చింది, మాఘం నాటికి వెళ్ళింది. బి.ఎం.ఐ. ఇంకా 28 దగ్గర ఉంది, లావుగానే ఉన్నాను, మీరే చూస్తున్నారు. కాని రెండు అంతస్తులూ మధ్యలో ఒక్కచోట ఆగి ఎక్కుతున్నాను. మాత్రల్లో ఒకటి డాక్టరు గారే తగ్గించారు.

బీరతొక్కు పచ్చడి ఎలాగని ఇందాక ముందు వరసలో సోదరీమణులు అడిగారు. అరకిలో లేత బీరకాయల తొక్కు కడిగి, చెంచాడు నూనెలో పచ్చివాసన పోయేదాకా మగ్గించాలి. మినపప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు విడిగా వేయించుకుని, చింతపండు, ఉప్పుతో కలిపి కచ్చాపచ్చాగా రుబ్బుకోవాలి. మెత్తగా రుబ్బితే కరకర పోతుంది. మిగతా వివరాలు మా ఆవిడను అడగండి, మూడో వరసలో కూర్చుంది.

భోజనాలకు పిలుస్తున్నారు. బూరెలు ఉన్నాయని విన్నాను. ఒకటి తింటాను.