ఏది సహజం? ఏది అసహజం?

"జంతువుల్లో కూడా లేదు కాబట్టి స్వలింగ సంపర్కం అసహజం" అనే వాదన మీరు వినే ఉంటారు. దీన్ని రెండు ప్రశ్నలతో పరీక్షిద్దాం.

మొదటిది: జంతువుల్లో నిజంగా లేదా? హవాయిలోని ఓహు దీవిలో లేసాన్ ఆల్బట్రాస్ అనే సముద్రపక్షులున్నాయి. అక్కడ పరిశీలించిన జంటల్లో సుమారు 31 శాతం రెండూ ఆడపక్షులేనని 2008లో వెల్లడైంది. ఆ కాలనీలో మగపక్షులు తక్కువ. గుడ్డు ఫలదీకరణకు మగపక్షి కావలసిందే. అయితే పొదగడం, పిల్లను సాకడం ఆ రెండు ఆడపక్షులే వంతులవారీగా చేస్తాయి. మన రాజస్థాన్ కొండముచ్చుల్లోనూ ఆడవాటి మధ్య లైంగిక ప్రవర్తనను శాస్త్రజ్ఞులు నమోదు చేశారు. ఇక క్లౌన్ చేపల్లో ఆడచేప చనిపోతే, దానితో జతకట్టిన మగచేపే ఆడదిగా మారుతుంది. ప్రకృతిలో ఒకే పద్ధతి లేదు.

రెండవది: జంతువులు చేసేదంతా మనకు ఆదర్శమా? కాదు. అవే కొండముచ్చుల్లో, గుంపును కొత్తగా చేజిక్కించుకున్న మగది పసికూనలను చంపడమూ ఉంది. అది ప్రకృతిలో ఉన్నదే, కానీ మనకు నీతి కాదు. కళ్లజోడు, టీకా ఏ జంతువూ తయారు చేసుకోలేదు. అంతమాత్రాన అవి తప్పా? ప్రకృతిలో ఏముందో శాస్త్రం చెబుతుంది. తప్పొప్పులు తేల్చాలంటే ఎవరికైనా హాని జరిగిందా, అంగీకారం ఉందా అని మనమే అడగాలి.

1860 నాటి శిక్షాస్మృతి 377వ సెక్షన్ "ప్రకృతి విరుద్ధం" అన్న మాటతోనే ఎందరినో నేరస్థుల జాబితాలో చేర్చింది. వయోజనుల మధ్య పరస్పర అంగీకారంతో ఏకాంతంలో సాగే సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

మీ తోటి విద్యార్థిని ఎవరైనా "అసహజం" అని హేళన చేస్తే, ఈ రెండు ప్రశ్నలూ వారిని అడగండి.