పాతజీపు వెల



క్రొత్తగా కొన్న మోటారుబండి దుకాణపు గడప దాటగానే దాని వెల తరుగ నారంభించునని అందఱు నెఱిగినదే. కాని కొన్ని బండ్ల విషయమున దీనికి విపరీతముగా జరుగుచున్నది. కార్ఖానావారు ఆ మాదిరి బండిని చేయుట మానుకొనిన పిదప దాని వెల పెరుగుచున్నది. ముఖ్యముగా కొండలు, బురదలు, ఇసుకదారులు దాటుటకై పుట్టిన జీపుజాతి బండ్లకు ఈ వింత పట్టినది. ఈ పెరుగుదలలో నిజమెంత, భ్రమ యెంత, దానివలన మనవంటి పల్లెవారికి కలుగు లాభనష్టము లేవి యను విషయమును గూర్చి నేడు కొంత మనవి చేసెదను.

నేను యంత్రవిద్య చదివినవాడను గాను. వ్యాకరణము, తర్కము చదువుకొని, బడిపిల్లలకు తెలుగు చెప్పి, ఉద్యోగవిరామము పొందినవాడను. అయినను ఈ విషయము నాయొద్దకు తగవు రూపమున వచ్చినది. మా యూర నొక రైతు కాలముచేసి పదునైదేండ్లయినది. ఆయన జీపు పశువుల కొట్టములో గడ్డిమోపుల చాటున పడియుండెను. ఆయనకు ఇద్దఱు కొడుకులు, ఒక కూతురు. ఇన్నేండ్లును ఆ జీపు నెవ్వరును తలచుకొనలేదు. ఒకనాడు పట్టణమునుండి బేరగా డొకడు వచ్చి, "ఇట్టి జీపు లిక తయారు కావు. మూడులక్ష లిచ్చెదను" అనెను. ఆ రాత్రినుండి అన్నదమ్ములకు మాటలు లేవు. అన్న అమ్ముదమనును. తమ్ముడు "తయారీ నిలిచిపోయిన బండి గదా, ఉంచినకొలది వెల పెరుగును" అనును. చెల్లెలు తన భాగము తేల్చుమనెను. ముగ్గురును నాకడ చదువుకొన్నవారే. "మాస్టారూ, మీ రెట్లు చెప్పిన నట్లు చేసెదము" అని వచ్చిరి.

మొదట తమ్ముని వాదమును తీసికొందము. కారణమును నిర్ణయించుటకు మన తర్కశాస్త్రమున అన్వయము, వ్యతిరేకము అని రెండు పరీక్షలు గలవు. ఇది యున్నచోట నెల్ల అది యున్నదా? ఇది లేనిచోట అదియును లేదా? తయారీ నిలుచుటయే వెల పెరుగుటకు కారణమైనచో, నిలిచిన ప్రతిబండికిని వెల పెరుగవలెను. అట్లు జరుగుట లేదు. నిలిచిపోయిన బండ్లలో ఎన్నియో పాతయినుము వర్తకుని కాటా కెక్కి తూకముచొప్పుననే పోయినవి. కావున తయారీ నిలుచుట యొక్కటే చాలదు. దానికి తోడుగా వేఱు కారణము లుండవలెను. అవి యెట్టివో తెలిసికొనుటకు ఇంగ్లండు దేశపు బండి యొకదాని చరిత్రమును చూతము.

ఆ బండి పేరు లాండ్ రోవరు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప, రోవరు కంపెనీలో యంత్రనిర్మాణమునకు పెద్దయైన మారిస్ విల్క్స్ అను నాతడు వేల్సు సీమలోని ఆంగ్లసీ ద్వీపమున తన పొలములో అమెరికావారి యుద్ధపు జీపు నొకదానిని వాడుచుండెను. అట్టి బండిని తామే యేల చేయరాదని తలచి, 1947లో అచ్చటి సముద్రతీరమున ఇసుకలో దాని రూపును గీసి చూపెనని చెప్పుదురు. 1948 ఏప్రిల్ 30వ తేదీన ఆంస్టర్‌డాం నగరపు ప్రదర్శనలో ఆ బండి లోకమునకు కనబడినది. యుద్ధానంతర మచ్చట ఉక్కునకు కరవుగా నుండుటచే పైరేకులను అల్యూమినియపు మిశ్రలోహముతో చేసిరి. ఆ కరవే బండికి మేలు చేసినది. అట్టి రేకులు ఉక్కువలె తుప్పుపట్టి రాలిపోవు. అయితే క్రింది చట్రము మాత్రము ఉక్కుదే. 1990లో దీనికి డిఫెండరు అను పేరు పెట్టిరి. 2016 జనవరి 29వ తేదీన సోలిహల్ కార్ఖానానుండి చివరిబండి వెలువడినది. అప్పటికి 68 ఏండ్లలో ఈ జాతి బండ్లు 20 లక్షలకు పైగా తయారైనవి.

20 లక్షలనగా అరుదైన వస్తువు కాదు. అయినను తయారీ నిలిచినంతనే మంచిస్థితిలో నున్న వానికి గిరాకి హెచ్చినది. ఇందులకు నాకు నాలుగు కారణములు కనబడుచున్నవి.

మొదటిది, అట్టి బండిని మరల చేయుటకు వీలు లేకపోవుట. పొగ విషయమునను, ప్రమాదమునుండి ప్రయాణికులను కాపాడు విషయమునను వచ్చిన క్రొత్త నిబంధనలకు ఆ పాతకట్టడము ఒదుగలేదు. 2019లో అదే పేరుతో క్రొత్తబండిని చూపిరి గాని దాని కట్టడమే వేఱు. పాతదానిని కోరువానికి క్రొత్తది బదులు కాజాలదు.

రెండవది, బాగుచేయుటకు వీలుండుట. ఆ బండి చాలవఱకు మరలు విప్పి బిగించుకొనదగినది. దాని విడిభాగములు నేటికిని దొరకుచున్నవి. విడిభాగము దొరకని బండి యెంత యరుదైనను బొమ్మతో సమానము.

మూడవది, దానిని ప్రేమించువా రుండుట. చిన్ననాట పొలములో తండ్రి ప్రక్కన కూర్చుండి తిరిగినవారు పెద్దవారై, చేతిలో నాలుగు డబ్బులు చేరినపుడు, ఆ బండినే వెదకుదురు.

నాలుగవది, చట్టము తెఱచిన క్రొత్త సంత. అమెరికాలో ఈ బండిని 1993 మొదలు 1997 వఱకు కొలదిగా మాత్రమే అమ్మిరి. అచ్చటి రక్షణ నిబంధనలకు సరిపడని విదేశపు బండి సామాన్యముగా 25 ఏండ్లు నిండినగాని ఆ దేశమున ప్రవేశింపరాదు. నిండిన పిదప రావచ్చును. కావున ఇంగ్లండులోని పాతబండికి 25 ఏండ్లు నిండుటతో సముద్రము కావల మఱియొక సంత తెఱచుకొనును. ఇచ్చట వెల పెంచినది ఇనుము కాదు, చట్టము.

ఇక భ్రమ సంగతి. 2015 డిసెంబరులో 20 లక్షలవ బండిని లండనులో వేలము వేయగా 4 లక్షల పౌనులు పలికినది. అది ధర్మకార్యములకై జరిగిన వేలము. ఆ బండియు నొక్కటే. దానిని చూచి తన బండికిని అంత వచ్చుననుకొనుట, బాలాపూరు గణపతి లడ్డు వేలములో పలికిన లక్షలు చూచి మిఠాయి దుకాణములో లడ్డునకు వెల కట్టుట వంటిది. వెల పెరిగినప్పుడు వెంట వచ్చు చీడ యింకొకటి గలదు. ఇంగ్లండు పల్లెలలో ఈ డిఫెండరు బండ్లపై దొంగల చూపు పడినది. బండిని గాని, దాని తలుపులను, రేకులను గాని విప్పుకొని పోవుట తఱచైనది.

అమెరికావారి యుద్ధపు జీపు కథ మఱియొక విధమైనది. 1941 మొదలు 1945 వఱకు విల్లీస్, ఫోర్డు కంపెనీలు 6 లక్షలకు పైగా జీపులను చేసినవి. యుద్ధము ముగియగానే మిగిలినవానిని అమ్మివేసిరి. నాడు వానిని కొన్నవారు పొలము పనులకు, కట్టెలు మోయుటకు వాడిరి. నేడు చెక్కుచెదరని యుద్ధపు జీపునకై సేకరించువారు వెదకుచున్నారు. కాని ఆ నాటికిని ఈ నాటికిని నడుమ దశాబ్దముల లోయ యొకటి యున్నది. ఆ లోయలో పాతబండి కేవలము పాతబండియే. దానిని దాటి యీవలి గట్టు చేరినవి కొన్ని. లోయలోనే తుప్పైపోయినవి లెక్కలేనన్ని.

మన దేశమునకు వత్తము. 1947లో మహీంద్రా వారు విల్లీస్ జీపులను ఇచ్చట కూర్ప నారంభించిరి. అమెరికాలో ఆ మాదిరి మాఱిపోయిన పిదపను మనవద్ద ఆ మూతి జీపు దశాబ్దములు సాగినది. తాసిల్దారుగారి జీపు, ఎన్నికల జీపు, పెండ్లివారి జీపు మనమందఱమును చూచినవే. సైన్యమునకై జబల్‌పూరు కార్ఖానాలో 1969 మొదలు 1999 వఱకు జోంగా అను బండిని చేసిరి. 1985లో వచ్చిన మారుతీ జిప్సీని ప్రజలకు అమ్ముట 2019 నాటికి నిలిచినది. పాతబండ్ల మోజుగలవారు మన దేశమున విశేషముగా వెదకునవి ఈ మూడు తెగలే. కాని మన జీపుల రేకులు ఉక్కువి. మన వానకును, సముద్రపు గాలికిని, పశువుల కొట్టములోని తేమకును అవి నిలువవు. అదిగాక మనవారు జీపును కొన్ననాడున్నట్లు ఉండనీయరు. ఇంజను మార్పింతురు; చట్రము కోసి పొడిగింతురు. మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు చెప్పిన లక్షణములకు విరుద్ధముగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టును ఆ మాటనే స్థిరపఱచినది.

ఈ విషయము లన్నియు చెప్పి ఆ ముగ్గురితోడను కొట్టమునకు పోతిని. గడ్డి తొలగించి, ఊరి మేస్త్రీని పిలిపించితిమి. అతడు కిరసనాయిలు గుడ్డతో తుడువగా చట్రముపై నంబరు కనబడినది. ఆర్సీ పుస్తకములోని నంబరుతో సరిపోయినది. అది శుభము. కాని ఇంజను నంబరు సరిపోలేదు. తండ్రి జీవించియుండగా ఇంజనును మార్పించి, పుస్తకములో వ్రాయింపలేదు. క్రిందిరేకు కాలు మోపిన నొరిగిపోవుచుండెను. పుస్తకము నేటికిని తండ్రిపేరనే యున్నది. 15 ఏండ్ల రిజిస్ట్రేషను గడువు తీఱిపోయి, ఐదేండ్ల కొకమాఱు చేయింపవలసిన పునరుద్ధరణము జరుగలేదు. ఈ సంగతి విన్నంతనే బేరగాని మూడులక్షలు లక్షన్నరయైనవి.

తమ్మునికి అప్పటికిని ఆశ తీఱలేదు. "ఏబదియేండ్లు నిండినచో ప్రాచీన వాహనమగునట గదా, మాస్టారూ" అనెను. 2021లో కేంద్రప్రభుత్వము అట్టి నియమము చేసినమాట నిజమే. 50 ఏండ్లు దాటిన బండిని 20,000 రూపాయల రుసుముతో ప్రాచీన వాహనముగా నమోదు చేయింపవచ్చును. ఆ నమోదు 10 ఏండ్లు చెల్లును. కాని బండి తన తొలిరూపమున నుండవలెను. చట్రమునకు గాని, ఇంజనునకు గాని పెద్దమార్పు జరిగియుండరాదు. అట్టి బండిని ప్రదర్శనలకు, ఊరేగింపులకే గాని నిత్యము తిప్పరాదు. వీరి జీపు 1982 నాటిది. 50 ఏండ్లు నిండినను ఇంజను మాఱినది గదా!

అప్పుడు నే నతనిచేత ఒక లెక్క చేయించితిని. మొదట చెప్పిన మూడులక్షలే చేతికి వచ్చినవనుకొందము. నూటికి 7 చొప్పున చక్రవడ్డీకి బ్యాంకులో వేసినచో 10 ఏండ్లకు సుమారు 5 లక్షల 90 వేలగును. జీపు నుంచుకొన్నచో బీమాకు, బ్యాటరీకి, టైర్లకు, పన్నులకు ఏటికి 10 వేలు తక్కువ కాదనుకొందము, పదేండ్లకు లక్ష. అనగా పదేండ్ల పిదప జీపు దాదాపు 7 లక్షలు పలికిననే నష్టము లేదు. అంతకు పైబడినదే లాభము. ఈ లెక్క చూచి అతడు చాలసేపు మాటాడలేదు. తుదకు, "వెలకొఱకు కాదు మాస్టారూ, నాయన దీనిలో నాకు డ్రైవింగు నేర్పినాడు" అనెను. ఆ మాట ముందే చెప్పియున్న తగవే లేకపోవును.

అన్నయు చెల్లెలును ఆ మాట విని మెత్తబడిరి. ముగ్గురు మేస్త్రీలచేత వేర్వేఱుగా వెల కట్టించితిమి. లక్షన్నర న్యాయమని తేలినది. తమ్ముడు అన్నకు ఏబదివేలు, చెల్లెలికి ఏబదివేలు ఇచ్చెను. వారిద్దఱును సంతకములు చేసిరి. యజమాని మరణించినపుడు వారసుని పేరునకు మార్చుటకు ఫారము 31 అను దరఖాస్తు గలదు; అది పెట్టించితిమి. ఇంజను మార్పును పుస్తకమున కెక్కించుటకును, పునరుద్ధరణమునకును ఆలస్యపు రుసుములతో సహా అతడు రవాణా కార్యాలయము చుట్టు కొన్ని నెలలు తిరిగెను. ఇప్పుడు జీపు పొలమునకు పోవుచున్నది. దాని నమ్మలేదు గనుక దాని వెల యింతయని నేను చెప్పజాలను.

నేనును తప్పుచేసినవాడనే. ఇరువదియేండ్ల క్రిందట తోటి ఉపాధ్యాయు డొకడు నడుచుచున్న జీపును తూకమునకు అమ్మగా, పీడ వదలినదని మెచ్చుకొంటిని. అది నడుచుచున్నది, పత్రములు సరిగా నున్నవి, ఇంజను మాఱలేదు. దానిని వెదకువారు నేడున్నారు. తెలియక అమ్ముట యొక నష్టము, తెలియక దాచుట యొక నష్టము.

కావున మీ యింట అట్టి బండి యున్నచో, బేరగాడు రాకమునుపే పుస్తకము వెదకుడు. అది చనిపోయినవారి పేర నున్నచో, వారసులందఱు ఒకచోట నున్నపుడే మార్పించుడు. చట్రపు నంబరు, ఇంజను నంబరు చదివించి చూడుడు. తడిలేని చోట పెట్టుడు. తీసివేసిన పాతభాగములను పాఱవేయకుడు. మొదటి బేరమునకు తల యూపకుడు. ఒక్క వేలపు వార్తను నమ్మి కోటలు కట్టకుడు. అన్నిటికంటె ముందు, దానిని వాడుకొనుటకు ఉంచుకొనుచున్నారో, అమ్ముటకు ఉంచుకొనుచున్నారో ఇంటివారందఱును కూర్చుండి నిశ్చయించుకొనుడు.