టీకా వ్రాత, రోగపు వ్రాత



మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములు మెట్టసీమ. వానలు తప్పిన యేట చేనెండినను, పాడిగేదెయో, యెడ్లజతయో, గొఱ్ఱెల మందయో యింటిని నిలుపును. ఇట్టి సీమలో పశువునకు వచ్చిన రోగము ఇంటికి వచ్చిన కఱవే. నేడు నేను విన్నవింపదలచినది ఒక్క సంగతి: టీకా పొందిన పశువును, రోగము సోకిన పశువును వేఱుపఱచి తెలిసికొనుట యెట్లు? అది మనకేల?

గాలికుంటు వ్యాధిని మీకు వర్ణింపనక్కఱలేదు. నోట చొంగ కారును. నాలుకమీదను, గిట్టల నడుమను బొబ్బలు లేచి పుండ్లగును. పాలు తగ్గును, ఎద్దు కుంటును. లేగదూడలు గుండె దెబ్బతిని హఠాత్తుగా చచ్చుటయు కలదు. పెద్ద పశువులు పెక్కు కోలుకొనును. పుండ్లు మాని సంతకును నడచి వచ్చును. కాని అట్టివానిలో కొన్నిటి గొంతులో రోగపు క్రిమి నెలలకొలది, ఒక్కొక్కచో ఏండ్లకొలది దాగియుండును. అట్టి పశువునకును, టీకా మాత్రమే పొందిన పశువునకును కంటికి భేదము తోచదు.

మార్కాపురపు పలకను ఎఱుగనివారు మీలో నుండరు. పశువు రక్తమును అట్టి పలకగా భావింపుడు. లోపల ప్రవేశించిన క్రిమిని గూర్చి రక్తము తనపై నొక వ్రాత వ్రాసికొనును. దానికి శాస్త్రజ్ఞులు ప్రతిరక్షకములని పేరిడిరి. గాలికుంటు టీకాను చంపిన క్రిమితో చేయుదురు. క్రిమి పైతొడుగు తప్ప తక్కినవి పోవునట్లు శుద్ధి చేయుదురు. కావున టీకా పొందిన పశువు పలకపై ఆ పైతొడుగును గూర్చిన పంక్తి యొక్కటియే యుండును. బ్రదికిన క్రిమి సోకినచో, అది శరీరమున పెరుగుచు తన పనికై మఱికొన్ని మాంసకృత్తులను చేసికొనును. వానిని గూర్చి రెండవ పంక్తి పడును. ఈ రెండవ పంక్తిని వెదకు రక్తపరీక్ష మన దేశమందే సిద్ధమైనది. భువనేశ్వరమునొద్ద గాలికుంటు వ్యాధికై నెలకొన్న జాతీయ పరిశోధనసంస్థ దీనిని నడుపుచున్నది. అయితే మాటిమాటికి టీకా పొందిన పశువునందు ఆ రెండవ పంక్తి ఛాయ అరుదుగా పొడసూపవచ్చును. కావున ఈ పరీక్ష మందను గూర్చి తీర్పు చెప్పుటకే గాని, ఒక్క పశువును జూపి దాని యజమానిని నిందించుటకు గాదు.

ఈ భేదము తెలియనిచో కలుగు చిక్కునకు రిండరుపెస్టు అను మహామారియే నిదర్శనము. 1954లో దాని నిర్మూలనమునకై దేశమంతటను కార్యక్రమము మొదలయ్యెను. టీకాయే ఆ రోగమును జయించెను. కాని దాని విషయమున టీకా వ్రాతయు, రోగపు వ్రాతయు ఒక్కటే. రోగము నిజముగా పోయెనా, ఎక్కడనైన దాగియున్నదా యని రక్తమును జూచి తేల్చుటకు వీలులేకపోయెను. 1995 తరువాత రోగము కనబడకపోగా, టీకాను నిలిపి, పిమ్మట పుట్టిన పశువుల రక్తమును పరీక్షింపవలసి వచ్చెను. 2006లో మన దేశమునకును, 2011లో లోకమంతటికిని ఆ పీడ విరగడయైనట్లు ప్రకటించిరి. కాని టీకా నిలుపుట సాహసము; ఒక్క నిప్పురవ్వ మిగిలియుండినను మందలన్నియు అంటుకొనియుండెడివి. గాలికుంటు విషయమున అట్టి సాహసముతో పనిలేదు. ఒక చేత టీకా వేయుచునే రెండవ చేత రోగమును వెదకవచ్చును.

ఈసుకుపోవు రోగమునందు, అనగా బ్రూసెల్లోసిస్‌నందు, వేఱొక యుపాయము కలదు. ఈ రోగము పచ్చిపాల వలనను, ఈసుకుపోయిన దూడను, మాయను ఉత్తచేతులతో ముట్టుట వలనను మనుష్యులకును సోకును. దీని టీకాను నాలుగు మొదలు ఎనిమిది నెలల వయసుగల పెయ్యదూడలకే, జీవితమున ఒక్కమాఱే వేయుదురు. ఏలయన, దూడప్రాయమున పడిన టీకా వ్రాత పెయ్య యెదుగునాటికి చాలవఱకు చెరిగిపోవును. ఎదిగిన పశువునకు వేసినచో ఆ వ్రాత నిలిచి, రోగపు వ్రాతవలె కనబడి మోసపుచ్చును. చూడిపశువు ఈసుకుపోవు భయమును కలదు. కావున వయసు దాటిన పెయ్యకు టీకా వేయుడని పశువైద్యుని బలవంతపెట్టకుడు.

టీకా వేసిన పిమ్మటనే రోగము వచ్చెనని కొందఱు నాతో వాదింతురు. వారికి నా సమాధానమిది. టీకా బలము చేకూరుటకు ఇంచుమించు రెండు వారములు పట్టును. అంతకుముందే క్రిమి సోకియున్న పశువునకు ఆ నడుమ బొబ్బలు లేవవచ్చును. సూది గ్రుచ్చినచోట కొంచెము వాపు, ఒకటి రెండు దినములు స్వల్పజ్వరము, పాలు కొంత తగ్గుట టీకా లక్షణములు. నోట పుండ్లు, గిట్టలలో పుండ్లు రోగ లక్షణములు. చచ్చిన క్రిమి రోగము పుట్టింపజాలదు.

2019 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము మొదలిడిన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమము ఈ రెండు రోగములను ఉద్దేశించినదే. అందు పశువు చెవికి పండ్రెండంకెల సంఖ్యగల ట్యాగు వేసి, టీకా తేదీని ఆ సంఖ్యక్రింద వ్రాసికొందురు. రక్తము చెప్పు మాటను ఈ లెక్కతో పోల్చిచూచిననే నిజము తేలును. చచ్చిన గేదె ట్యాగును మఱియొక గేదె చెవికి తగిలించినచో ఆ లెక్క అబద్ధమగును. పరీక్ష యెంత గొప్పదైనను వ్యర్థమగును.

పెద్దలారా! మీ మాట ఊరిలో చెల్లును. కావున నాలుగు పనులు కోరుచున్నాను. టీకా దినమున ఒక్క పశువును మఱుగుపఱుపనీయకుడు. ట్యాగు ఊడినచో పశువైద్యశాలకు చెప్పింపుడు. సంతలో కొన్న పశువును మూడు వారములైనను మందకు దూరముగా కట్టింపుడు. రోగము కనబడినచో దాపక, అమ్మక, వెంటనే తెలియజేయుడు. రోగమును దాచిన యింటి నష్టము ఆ యింటితో ఆగదు. ఒక్క తొట్టిలో నీరు త్రాగు పశువులన్నిటిదియు నగును.

సెలవు.